ఏ ఇంటికి

సుంగై రంబై, సరస్సు గట్టు
1978 మార్చి 6

దలీమా వదినకు,
మరదలు రోస్నిదార్ సలాములు.

మీ తమ్ముణ్ణి మీ చేతుల్లో పెట్టాను. ఊరివాళ్ళ ముందు కన్నీళ్ళు పెట్టుకోలేదు గనుక నాకు బాధ లేదనుకుంటే పొరపాటు. బస్సు కొండ ఎక్కుతుంటే వీధిలోనే నిలబడ్డాను. నలభై నాలుగు మలుపుల్లో ఏడో మలుపు దాకా మా వీధికి కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా కాసేపు నిలబడ్డాను.

కొన్ని సంగతులు హడావిడిలో చెప్పలేదు. ఎడమవైపు పడిపోయింది కదా, ఆ వైపు ముద్ద పెట్టకండి, బుగ్గలోనే ఉండిపోతుంది. గంజి చూస్తే ముఖం తిప్పుకుంటారు. మా సరస్సు సన్నచేపల్ని వేయించి పొడి చేసి, మెత్తటి అన్నంలో కలిపితే నాలుగు ముద్దలు తింటారు. డబ్బా నిండా పంపాను. ఇంకొకటి. వీధిలో బస్సు చప్పుడు వినబడితే కుడికాలు దానంతటదే కిందికి నొక్కుతుంది. భయపడకండి. బ్రేకు వేస్తున్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పొద్దున మీ కొండ మీదికీ సాయంత్రం మా గట్టు మీదికీ బస్సు నడిపిన కాలు అది. ముప్ఫయ్యో మలుపులో నోరు వంకర తిరుగుతుంటే కూడా బండిని పక్కకి తీసి ఆపాకే ఒరిగిపోయారని, బస్సులో ఉన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

ఇరవై రెండు రోజులు నా ఇంట్లో మాటా పలుకూ లేకుండా పడుకున్నారు. ఇరవై మూడో రోజు నావైపు చూసి, "ఇంటికి" అన్నారు. "ఇంటికి తీసుకెళ్ళు." పోయిన మాటల్లో మొదట తిరిగొచ్చినది అదే. వెంటనే మీకు కబురు పెట్టాను. మగవాడికి ఇల్లంటే తల్లి ఇల్లూ అక్కచెల్లెళ్ళ ఇల్లే. పెళ్ళాం ఇంట్లో చుట్టం. జబ్బు చేస్తే అక్క వచ్చి తీసుకెళ్ళాలి, పోతే తన వంశం వాళ్ళ నేలలోనే పడుకోవాలి. మన ఆచారం, అదత్, చెప్పేది అదే. "నేను మీ ఇంట్లో మొద్దు మీద బూడిదని, గట్టిగా ఊదకు రోస్నీ, లేచిపోతాను" అని ఆయనే నవ్వించేవారు.

నేను ఊదలేదు వదినా. ఆయనే అడిగారు.

మీ మరదలు
రోస్నిదార్


బాలాయ్ జిరింగ్, కొండ మీద
మార్చి 15

మరదలు రోస్నీకి,

ఉత్తరం అందింది. నా తమ్ముడికి అన్నం ఎలా పెట్టాలో నాకు నేర్పుతున్నావు, సంతోషం. వాడికి పళ్ళు రాకముందు అరటిపండు నలిపి పెట్టింది నేనే. నీ చేపల పొడి బాగానే ఉంది, కాస్త ఉప్పెక్కువ.

మీ ఇంట్లో వాడు సుతాన్. పెళ్ళినాడు ఇచ్చిన బిరుదుతోనే పిలవాలి, మర్యాద. నాకు మాత్రం చిన్నప్పటి పిలుపు, బుయుంగే. అక్కకి తమ్ముడి దగ్గర బిరుదులేమిటి? అమ్మ ఉన్నన్నాళ్ళూ పడుకున్న మధ్యగదిలో వాడికి పడకేశాం. మా వంశం ఆడవాళ్ళు వంతులు వేసుకుని కూర్చుంటున్నారు. ఒకరు కాళ్ళు పడితే ఒకరు విసురుతున్నారు. ముఖంలో కళ వచ్చింది. బాగా తింటున్నాడు, బాగా నిద్రపోతున్నాడు. నువ్వు దిగులు పడాల్సిన పనిలేదు.

ఒక మాట చెబుతాను, కోపగించుకోకు. కొన్నాళ్ళు ఇటు రాకు. మనుషుల్ని చూస్తే ఉద్రేకపడుతున్నాడు, మంచిది కాదని డాక్టరు అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బాగా చూసుకున్నావు, నేను కాదనను, నలుగురిలోనూ అదే చెబుతాను. కానీ ఎరువు సొమ్ము ఎప్పటికైనా ఎరువు సొమ్మే. ఇచ్చినవాళ్ళు తీసుకున్నారు.

జుస్మాకి మేనత్త దీవెనలు.

దలీమా


సుంగై రంబై
మే 12

దలీమా వదినకు,

నిన్న గురువారం సంతబస్సులో జుస్మా, నేనూ వచ్చాం. మీరు రావద్దన్నారు. రెండు నెలలు ఆగాను, ఇక ఆగలేకపోయాను. ఉత్త చేతులతో రాలేదు. మాంసం రెండు రోజులు కొబ్బరిపాలలో ఇంకబెట్టి తెచ్చాను, నల్లబియ్యపు అన్నం తెచ్చాను. మెట్ల మీదే మీరు గిన్నెలు అందుకున్నారు.

"ఇప్పుడే కన్ను మూతపడింది, లేపకు" అన్నారు.

"లేపను వదినా, చూసి వెళతాను" అన్నాను.

"చూస్తే లేస్తాడు" అన్నారు.

కొబ్బరిచిప్పల్లో కాఫీ ఆకుల కషాయం ఇచ్చారు. తాగుతుండగా లోపలినుంచి గొంతు వినబడింది. నిద్రపోయే మనిషి గొంతు కాదది. మీరు వెంటనే గొంతు పెంచి ఈ ఏడు అల్లం పంట గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. మీకు అల్లం తోట ఎప్పుడుందో నాకు గుర్తులేదు.

తిరుగు బస్సులో జుస్మా అంది, "అమ్మా, మేనత్త మనల్ని చుట్టాల్ని చూసినట్టు చూసింది." "మనం చుట్టాలమేగా" అన్నాను. అది కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ కూర్చుంది. వాళ్ళ నాన్న బస్సులో ఎప్పుడూ ముందు సీట్లో కూర్చునేది కదా, నిన్న ఆ సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

నాకు చెవుడు లేదు వదినా. ఆయన ఏదో అడుగుతున్నారు. ఏమడుగుతున్నారు?

రోస్నిదార్


బాలాయ్ జిరింగ్
మే 20

రోస్నీకి,

దువా చదువుకుంటున్నాడు. జబ్బు మనిషి అల్లాని తలుచుకుంటే నీకు అనుమానమా?

మాంసం అందరం తిన్నాం. గిన్నెలు కడిగి డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

దలీమా


సుంగై రంబై
జూన్ 30

దలీమా వదినకు,

గిన్నెలు చేరాయి. ఖాళీగా చేరాయి. ఎవరి ఇంటి గిన్నైనా మా గట్టు నుంచి ఖాళీగా వెనక్కి వెళ్ళదు, చారెడు బియ్యమైనా వేసి పంపుతాం. మీ కొండమీద ఆ అదత్ లేదేమో, లేక నాకొక్కదానికే లేదేమో.

నాలుగుసార్లు వచ్చాను. నాలుగుసార్లూ ఆయన నిద్రపోతూనే ఉన్నారు. ఇంత నిద్ర ఏ డాక్టరు రాసిచ్చాడు? నీళ్ళరేవులో ఆడవాళ్ళు నన్ను చూడగానే మాట మారుస్తున్నారు. మొన్న ఒకావిడ నేరుగా అడిగేసింది, "మీ ఆయన నీ ముఖం చూడనంటున్నాడటగా, నిజమేనా రోస్నీ?" అని. నేను ఉతుకుతున్న బట్ట ఉతుకుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చాక చూస్తే చిరిగిపోయి ఉంది.

ఆ మాటే నిజమైతే చెప్పేయండి. భరిస్తాను. తెలియకపోవడం మాత్రం భరించలేను.

నోరు తెరిస్తే అదత్, అదత్ అంటారు. పాడాంగ్ పాంజాంగ్‌లో మూడేళ్ళు అరబ్బీ బడిలో చదివించింది నన్ను మా అమ్మ. ఏం మిగిలిందీ అంటే నాలుగు ముక్కలు మిగిలాయి, అందులో ఇదొకటి. ఆ మాట మనది కాదు వదినా, అరబ్బులది. వాళ్ళ భాషలో తిరిగి రావడం అనే మాటలోంచి పుట్టింది. మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చేది గనుక అలవాటుకు ఆ పేరు పెట్టారు. ఏటేటా తిరిగొస్తుంది గనుక ఈద్‌కి కూడా ఆ పేరే అని మా పంతులమ్మ చెప్పేది. ప్రతి సాయంత్రం బస్సు దిగి మా మెట్లెక్కిన మనిషి ఆయన. పదమూడు వేల సాయంత్రాలు. అది అదత్ కాదా? మీరు ఆపి పట్టుకున్నది ఏమిటో తెలుసా మరి?

ఆయన్ని ఒక్కసారి చూడనివ్వండి.

రోస్నిదార్


బాలాయ్ జిరింగ్
జూలై 9

రోస్నీకి,

చదువుకున్నదానివి. నేను పల్లెబడిలో మూడో తరగతి. నాకు తెలిసింది నాలుగే ముక్కలు, చెబుతాను.

మాట అరబ్బుల పడవలో వచ్చిందేమో. అర్థం మాత్రం ఈ మట్టిలోంచి లేచింది. ఎండకి పగలదు, వానకి కుళ్ళదు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇల్లూ పొలమూ ఆడపిల్లలకిచ్చారు. ఎందుకిచ్చారు? వదిలేసిన ఆడదీ, మొగుడు పోయిన ఆడదీ వీధిన పడకుండా. నువ్వు ఈ రోజు నీ ఇంట్లో కూర్చుని నాకు ఇంత ఘాటుగా ఉత్తరం రాయగలుగుతున్నావంటే ఆ అదత్ చలవే. దాని మంచి తిని దాని చేదు నామీద ఉమ్మకు.

నా తమ్ముడు పెళ్ళాం ఇంట్లో కన్నుమూస్తే ఊరు నన్నేమంటుందో తెలుసా? "ముగ్గురు అక్కచెల్లెళ్ళుండీ ఒక్కడికి పడక వెయ్యలేకపోయారు" అంటుంది. నా కూతుళ్ళని అంటుంది, వాళ్ళ కూతుళ్ళని అంటుంది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, నాకు ఇంక మిగిలింది ఆ ఒక్క పేరే.

వాడు నీ ముఖం చూడనన్నాడన్నది అబద్ధం. ఎవత్తె అందో దాని నాలుక పుచ్చిపోను. అంతకంటే అడక్కు.

దలీమా


బాలాయ్ జిరింగ్
సెప్టెంబరు 8

రోస్నీ,

నువ్వు జవాబు రాయలేదు. రెండు నెలలైంది. నీ కోపానికి అలవాటు పడ్డాను గానీ నీ మౌనానికి పడలేకపోతున్నాను.

ఈద్ వచ్చి వెళ్ళింది. నమాజు నుంచి వచ్చి అందరినీ వరసగా క్షమాపణ అడిగాను. తెలిసి చేసిన తప్పూ తెలియక చేసిన తప్పూ మన్నించమని కూతుళ్ళని అడిగాను, అల్లుళ్ళని అడిగాను, పాలు పోసే మనిషిని కూడా అడిగాను. అడుగుతున్నంతసేపూ ఒకటే గుచ్చుకుంటోంది. అడగాల్సిన మనిషి కొండ కింద ఉంది.

నీకు అబద్ధం చెప్పాను. ఒకటి కాదు, ఆరు నెలల అబద్ధం.

వాడు దువా చదవడం లేదు. వచ్చిన రెండో రోజు నుంచీ "ఇంటికి" అంటున్నాడు. "ఇంటికి తీసుకెళ్ళు అక్కా." మొదట్లో నవ్వొచ్చింది. "ఇదేరా ఇల్లు, ఇది అమ్మ గది, అదిగో నువ్వు పడి చెయ్యి విరగ్గొట్టుకున్న మెట్లు" అన్నాను. చుట్టూ చూశాడు. మర్యాదగా తలూపాడు. కాసేపాగి మళ్ళీ అదే మాట. అరిచినా బాగుండేది. అరవడు. భోజనానికి వచ్చిన చుట్టం ఇక సెలవిప్పించండి అన్నట్టు అడుగుతాడు. ముద్ద పెట్టిన ప్రతిసారీ కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని దండం పెడతాడు. నా చేతిముద్ద తిని నాకే దండం పెడుతున్నాడు రోస్నీ.

నిన్ను చూస్తే ఆ మాట నీ ముందు అంటాడు, నువ్వు విని ఊరంతా చెబుతావు, తమ్ముడికి అక్క ఇల్లు ఇల్లు కాలేదని నలుగురూ అంటారు. అందుకే రావద్దన్నాను. డాక్టరు ఏమీ అనలేదు. డాక్టరుకి మన సంగతులేం తెలుసు.

వాడు అడిగేది నీ ఇంటినే. ఇంకేముంటుంది? పరువు కోసం తమ్ముడి నోరు నొక్కాను. నన్ను మన్నిస్తావో లేదో నీ ఇష్టం. ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ వదిన
దలీమా


సుంగై రంబై
సెప్టెంబరు 11

వదినా,

మీ ఉత్తరం చదివి మొదట మీమీద పట్టరాని కోపం వచ్చింది. పొయ్యిలో పెడదామని లేచాను. అప్పుడు నా అబద్ధం నాకు గుర్తొచ్చింది.

ఆయన నా ఇంట్లో "ఇంటికి" అన్నారని రాశాను. ఆ మాట విన్నప్పుడు నాకేమైందో రాయలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు వండిపెట్టాను, ఇరవై రెండు రోజులు ఒళ్ళు తుడిచి పక్కబట్టలు మార్చాను, నోరు తెరిచి మొదటి మాట నా పేరు కాదు, నా కూతురి పేరు కాదు, తల్లి ఇల్లు. "సరే, పొండి" అనుకున్నాను. జుస్మా కాళ్ళావేళ్ళా పడింది. "అమ్మా, నాన్న ఏ ఇంటికన్నాడో అడుగు. ఒక్కసారి అడుగు" అని. అడగలేదు. ఏ ఇంటికో నాకు తెలుసనుకున్నాను. వంచిన తల ఎత్తకుండా సంచి సర్దేశాను. మీకు కబురు పెట్టింది అదత్ కోసం కాదు, అలిగి. అందరూ మెచ్చుకున్నారు, రోస్నిదార్ ఎంత పద్ధతైన మనిషో అని.

మీరు తీసుకెళ్ళలేదు వదినా. నేను పంపేశాను.

నేను మన్నించాల్సింది ఏమీ లేదు. తీసుకురండి. మీ వంశపెద్ద దాతుక్ ఏమన్నా, మా అన్నదమ్ములు ఏమన్నా, నేను చూసుకుంటాను.

రోస్నీ


బాలాయ్ జిరింగ్
సెప్టెంబరు 24

రోస్నీ,

గురువారం బస్సుకి వస్తున్నాం. నడిమి రెండు సీట్లు విప్పి పరుపు వేయిస్తానన్నాడు డ్రైవరు. "మా గురువుగారు, నేను మలుపు మలుపుకీ హారన్ కొట్టి తీసుకెళతా" అంటున్నాడు. కొట్టొద్దు, వాడి కాలు బ్రేకు తొక్కీ తొక్కీ నొప్పెడుతుంది అన్నాను. నవ్వుతూ ఏడ్చాడు.

సంగతి తెలిసి మా దాతుక్ వచ్చాడు. వంశానికి పెద్ద అన్నమాటే గానీ నాకంటే ఆరేళ్ళు చిన్న, వాడి ముక్కు తుడిచిన చెయ్యి ఇది.

"అక్కా, ఇదేం పని? చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి పెళ్ళాం కొంపకి తోలేస్తావా?"

"తోలెయ్యడం లేదు. అడిగితే తీసుకెళుతున్నా."

"వాడికి మతి ఉందా అడగడానికి?"

"నీకుందిగా, నువ్వెప్పుడన్నా అడిగావా?"

"అదత్ ఒకటుంది కదా అక్కా. అదేమంటుంది?"

"అదత్ నన్నేమీ అన్లేదు. అంటోంది నువ్వు."

"రేపేదన్నా అయితే మోసుకురావడానికి మళ్ళీ మేమే రావాలి."

"వద్దువుగాని. అప్పుడు పద్ధతిగా తలపాగా చుట్టుకుని రా, నీ వెనకాలే నడుస్తా. ఊపిరున్నన్నాళ్ళూ మాత్రం వాణ్ణి నాకొదిలెయ్."

లేచి వెళ్ళిపోయాడు. కషాయం ముట్టలేదు. వెళ్ళేటప్పుడు మధ్యగదిలోకి వెళ్ళి వాడి పాదం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు, అది కూడా చూశాను.

వీధిలో ఇప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. అననీ. సగం జీవితం ఈ పేరు కాపాడుకోవడానికే పోయింది, ఏం కాపాడానో ఇప్పుడు చూస్తే తెలియడం లేదు.

దలీమా


సుంగై రంబై
అక్టోబరు 10

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు.

మీరు దింపి వెళ్ళిన రోజు బాగున్నారు. కిటికీ పక్కన పడుకోబెట్టాను, సరస్సు కనిపించేలా. జుస్మా చేత్తో చేపల పొడి అన్నం ఆరు ముద్దలు తిన్నారు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. రెండో రోజు కూడా బాగున్నారు. ఇంక అంతా సర్దుకుందనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, గెలిచాననుకున్నాను. మీమీద గెలిచాననే అనుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం పక్క మారుస్తుంటే గుండెమీద చెయ్యి పెట్టుకున్నారు. నాకు దండం పెట్టారు. మీరు రాశారు చూడండి, సరిగ్గా అలాగే. పెట్టి, "ఇంటికి" అన్నారు.

ఈసారి అడిగాను. జుస్మా అప్పుడు అడగమన్న మాట ఏడు నెలలు ఆలస్యంగా అడిగాను. "ఏ ఇంటికి సుతాన్?"

నా ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆయనకి తెలియదు వదినా. ఏ ఇంటికో ఆయనకీ తెలియదు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి పడిపోయిన చెయ్యి ఎత్తబోయారు, అది లేవలేదు.

ఆ రోజు నుంచీ రోజూ అడుగుతున్నారు. ఇక ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఇంకే ఇల్లుంది?

రోస్నీ


బాలాయ్ జిరింగ్
అక్టోబరు 14

రోస్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. కళ్ళజోడు ఉన్నా అక్షరాలు ఆనలేదు.

ఒక సంగతి చెబుతాను. వాడికి ఏడేళ్ళు నిండాయి. అందరి మగపిల్లలకీ అయినట్టే వాణ్ణి సురావుకి పంపేశాం, ఆ పంతులు దగ్గర ఖురాను చదువుకుని ఆ నమాజు గదిలోనే చాప మీద పడుకోవడానికి. పెద్ద ఇంట్లో గదులన్నీ ఆడపిల్లలవి. పెళ్ళయిన దానికొకటి, పెళ్ళి కావాల్సిన దానికొకటి. మగపిల్లాడికి గది ఉండదు, ఉంటే బావలు నవ్వుతారు. మొదటివారం రోజూ రాత్రి ఇషా నమాజు అయ్యాక చాప చంకలో పెట్టుకుని తిరిగొచ్చేవాడు. అమ్మ మెట్ల మీదినుంచే, "పోరా, ఇంట్లో పడుకునే మగాణ్ణి ఎక్కడైనా చూశావా?" అనేది. ఒకరోజు లోపలికి వచ్చేసి గుమ్మాలన్నీ వరసగా చూశాడు. "అక్కా, ఇందులో నాదేది?" అన్నాడు.

మేం నవ్వాం. నేను, అమ్మ, చెల్లెళ్ళు, అందరం. పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. ఏళ్ళ తరబడి ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం. పెళ్ళిలో కూడా చెప్పాను, నువ్వూ నవ్వావు.

వాడు కూడా నవ్వేవాడు. మళ్ళీ అడగలేదు. ఇప్పుడు మతి జారాక అడుగుతున్నాడు.

నా ఇల్లు నా కూతుళ్ళది. నీ ఇల్లు నీ కూతురిది. తప్పనడం లేదు, అలాగే ఉండాలి. కానీ వాడికి ఏ సమాధానం చెప్పాలో అదత్‌లో లేదు. నాకు తెలిసినంతలో లేదు. నీకు తోచిన అబద్ధం ఏదైనా చెప్పు రోస్నీ. ఆ పాపం నా లెక్కలో వేసుకుంటాను.

దలీమా


సుంగై రంబై
నవంబరు 2

వదినా,

ఏడో రోజు దువాకి మీ ఇంటికి వచ్చినప్పుడు గదినిండా మనుషులు. మీరు నన్ను మీ పక్కనే కూర్చోబెట్టుకున్నారు, మీ పళ్ళెంలోంచి నాకు పెట్టారు. నలుగురూ చూశారు. ఆయన చివరి రోజుల గురించి మీరు అడగాలని చూసి ఆగిపోవడం గమనించాను. నేనూ చెప్పాలని చూసి ఆగిపోయాను. అందుకే రాస్తున్నాను.

మీ ఉత్తరం జుస్మాకి చదివి వినిపించాను. అది లేచి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం కడిగింది, కడిగిన నీళ్ళు మొక్కకి పోసింది. తర్వాత మంచి పావడా కట్టుకుని, తలమీద ముసుగు వేసుకుని వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళింది. పట్నంలో ఉన్న మొగుడికి ఫోను చెయ్యడానికి టపా ఆఫీసుకి వెళుతోందనుకున్నాను.

కాసేపటికి ముందు తలుపు తట్టిన చప్పుడు. ఎండ ఇంకా సరస్సు మీదే ఉంది. తలుపు తీసే ఉంది, అయినా ఎవరో తడుతున్నారు. చూస్తే అది. చెప్పులు మెట్ల కింద వదిలేసి, గుమ్మం అవతల నిలబడింది. తన ఇంటి గుమ్మం అవతల.

"నాన్నా, లోపలికి రావచ్చా?" అంది.

ఆయన తల తిప్పారు.

"మీ ఇంటికి వచ్చాను నాన్నా. అనుమతిస్తే కాసేపు కూర్చుని వెళతాను."

ఆయన నావైపు చూశారు. నాకు అప్పటికి అర్థమైంది. నేను మంచం అంచున కూర్చుని ఉన్నాను, లేచాను. గుమ్మం దగ్గర, అల్లుళ్ళు కూర్చునే చోట చాప మీద కూర్చున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన కూర్చున్న చోటు అది. అక్కణ్ణించి ఇల్లు ఎంత పెద్దగా కనిపిస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు.

"నన్ను కూడా మీ ఇంట్లో ఉండనిస్తారా?" అన్నాను.

"నా..." అన్నారు.

"మీదే. ఈ ఇల్లు మీదే."

అబద్ధం. మా అన్నదమ్ములు వింటే పంచాయితీ పెట్టేవాళ్ళు. మా అమ్మ వింటే సమాధిలోంచి లేచి వచ్చేది. ఆయన మాత్రం దూలాలు చూశారు, స్తంభాలు చూశారు, కిటికీ చూశారు. ఒక్కొక్కటీ నిదానంగా, తొందరేమీ లేదన్నట్టు చూశారు. తర్వాత కుడిచెయ్యి ఎత్తి జుస్మాని పిలిచారు.

"రా. కూర్చో."

అది వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చుంది. నావైపు తిరిగి, "కాఫీ... ఇవ్వు" అన్నారు. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వమని నాకు చెప్పడం ఆయన జన్మలో అదే మొదటిసారి. చుట్టం ఎప్పుడూ వంటింటికి పని చెప్పడు. లేచి కాఫీ పెట్టాను. తెచ్చి జుస్మా చేతికిచ్చాను.

ఆ తర్వాత నాలుగు రోజులున్నారు. "ఇంటికి" అన్న మాట మళ్ళీ అనలేదు. ఎవరొచ్చినా చెయ్యెత్తి "కూర్చో" అనేవారు. శుక్రవారం పొద్దున నిద్రలోనే పోయారు. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. మీ దాతుక్ తలపాగా చుట్టుకుని వచ్చాడు, ఆయన వెనకే మీరు నడిచారు. మా గుమ్మంలోంచి మీ వంశం నేలకి తీసుకెళ్ళారు. అదత్ ప్రకారం అంతా జరిగింది. నేను అడ్డు చెప్పలేదు. చెప్పను కూడా.

కానీ ఆ మొదటి సాయంత్రం జుస్మా కాఫీ తాగి గిన్నె తీసుకుని వెళ్ళాక, నన్ను దగ్గరికి పిలిచారు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. కోపంగా అడగలేదు వదినా, తెలుసుకుందామనే అడిగారు.

"ఇన్నాళ్ళూ... ఎవరూ... చెప్పలేదేం?"

నేను దుప్పటి సర్దాను.

మీ
రోస్నీ